శ్రీకాకుళం తీరంలో డైవింగ్: వెట్‌సూట్ కింద ఏం తొడగాలి, పైన ఏం తొడగాలి

బారువలోనో కళింగపట్నంలోనో నీళ్లలో కాలు పెడితే వెచ్చగానే ఉంటుంది. ఈ మాత్రం సముద్రానికి రబ్బరు సూటు దేనికని కొత్తగా స్కూబా నేర్చుకున్నవాళ్లు అడుగుతారు. మొదటి డైవ్‌లో వాళ్ల మాటే నిజమనిపిస్తుంది కూడా. రెండో డైవ్‌లో అరగంట గడిచాక లెక్క మారుతుంది. ముందు వీపు మీద జివ్వుమంటుంది, తర్వాత వేళ్లు కొంకర్లు పోతాయి, ఆ పైన గాలి మామూలు కంటే త్వరగా అయిపోతోందని గేజి చెబుతుంది.

ఒంటి వేడి 37 డిగ్రీలు. ఏ దుస్తులూ లేకుండా కదలకుండా ఉన్న మనిషికి నీళ్లలో చలీ వేడీ తెలియకుండా ఉండాలంటే ఆ నీళ్లు 33 నుంచి 35 డిగ్రీల దాకా ఉండాలి. మన సముద్రం మండువేసవిలో కూడా పైపైన 29, 30 దగ్గరే ఆగుతుంది. పైగా కదలని గాలితో పోలిస్తే నీరు దాదాపు 24 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది. కాబట్టి 28 డిగ్రీల నీళ్లు చల్లగా అనిపించకపోయినా వేడిని లాగడం మాత్రం మానవు. గంటకు పైగా నీళ్లలో గడిపేవారికి, రోజుకు రెండు మూడు డైవ్‌లు చేసేవారికి ఆ బాకీ పేరుకుపోతూ ఉంటుంది.

చాలామంది చేసే పొరపాటు నేరుగా మందం వైపు పరుగెత్తడం. 3 మి.మీ. సరిపోలేదు, 5 కొందాం, అదీ చాలకపోతే 7. అసలు చూడవలసింది సూటు లోపల నీళ్లు కదులుతున్నాయా లేదా అన్నది. వెట్‌సూట్ అంటే సన్నని నైట్రోజన్ బుడగలతో నిండిన నురుగు రబ్బరు, దాని పేరు నియోప్రీన్. చలిని ఆపేది ఆ బుడగలే. సూటుకీ ఒంటికీ మధ్య చేరిన నీటి పొర మనల్ని వెచ్చగా ఉంచుతుందని చెప్పుకునే మాటలో సగమే నిజం. ఆ పొర కదలకుండా ఉంటే నష్టం లేదు, అంతే. మెడ దగ్గర లోపలికి వచ్చి నడుము దగ్గర బయటికి పోతూ ఉంటే మాత్రం చిల్లు కుండలో నీళ్లు కాచినట్టే: ఎంత కాచినా కొత్త నీళ్లే కాచాలి. అందుకని పొరలు వేసుకోవడంలో వరుస ఇది. ముందు నీటి రాకపోకలు ఆపాలి, తర్వాత తల, మొండెం కప్పాలి, చేతులు కాళ్లు ఆ తర్వాత.

ముందుగా నీళ్ల సంగతి తెలుసుకోండి

సూటు ఎంచుకోవలసింది లోతులో ఉన్న నీటిని బట్టి. పైన ఉన్న నీటిని బట్టి కాదు. ఈ తీరంలో రెండు కాలాలు మనిషిని మోసం చేస్తాయి.

ఒకటి మార్చి నుంచి మే దాకా. ఒడ్డున ఎండ మండిపోతుంటుంది. అదే సమయంలో తీరం వెంబడి వీచే నైరుతి గాలులు పై నీటిని సముద్రం లోపలికి నెట్టేస్తాయి, దాని స్థానంలోకి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. అలాంటి రోజుల్లో పదిహేను ఇరవై మీటర్లు దిగగానే గీత గీసినట్టు చలి తగులుతుంది. మాస్క్ ముందు నీరు నూనె కలిసినట్టు మసకగా కదులుతూ కనిపిస్తే ఆ గీత దాటుతున్నారన్నమాట. దీన్నే థర్మోక్లైన్ అంటారు. పైన 28 ఉన్న రోజున కింద నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉండొచ్చని లెక్క వేసుకుని దిగడం మంచిది.

రెండోది డిసెంబరు నుంచి ఫిబ్రవరి. పై నీరు ఏడాదంతటిలో చల్లగా ఉండే రోజులివి. 25, 26 డిగ్రీలు అనుకోండి. బంగాళాఖాతం ఉత్తర భాగంలో ఈ రోజుల్లో ఒక వింత ఉంది. నదుల నుంచి వచ్చిన మంచినీరు కలిసిన పై పొర తేలిక, అది చల్లబడినా కిందికి దిగదు. అందుకే అప్పుడప్పుడు పైన చల్లగా, కింద కాస్త వెచ్చగా ఉంటుంది. డైవ్ హాయిగా సాగి, చివర 5 మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్‌లో, అంటే పైకి తేలే ముందు కొద్ది నిమిషాలు ఆగే చోట, ఆగినప్పుడు వణుకు మొదలైతే కారణం అదే కావచ్చు.

డైవ్ కంప్యూటర్ చూపించే ఉష్ణోగ్రతలో కనిష్ఠాన్ని లాగ్ పుస్తకంలో రాసుకోండి. ఏ నెల, ఎంత లోతు, ఏం తొడుక్కున్నారు, ఏ నిమిషంలో చలి తెలిసింది. పది డైవ్‌లు రాస్తే మీ ఒంటికి సరిపడే లెక్క మీ దగ్గరే ఉంటుంది. సన్నగా ఉండేవారికి, పొద్దున్న ఏమీ తినకుండా వచ్చినవారికి, రాత్రి నిద్ర చాలనివారికి చలి ముందు పడుతుంది.

ఆ లెక్క తయారయ్యే లోపు మొదలుపెట్టడానికి ఇలా అనుకోండి. అడుగున 28, ఆ పైన ఉంటే 3 మి.మీ. ఫుల్ సూటు చాలు. 26 నుంచి 28 అయితే అదే సూటు, రెండో డైవ్‌కు లోపల పల్చటి వెస్టు. 24 నుంచి 26 అయితే 3 మి.మీ. సూటు కింద హుడెడ్ వెస్టు (తలకు కప్పున్న లోపలి పొర), లేదా ఒక్క 5 మి.మీ. సూటు. 24 లోపు అయితే 5 మి.మీ. సూటు కింద హుడెడ్ వెస్టు, కాళ్లకు బూట్లు, చేతులకు గ్లోవ్స్. 7 మి.మీ. సూటు మన దగ్గర అవసరం రాదు, ఎవరైనా అమ్మజూపితే వదిలేయండి. పొట్టి చేతులు, పొట్టి కాళ్ల శార్టీ ఒక్కటే వేసుకుని దిగడం కూడా మేం సిఫార్సు చేయం. చలి మాట అటుంచినా, జెల్లీ చేపల నుంచి, మునిగిన ఓడల తుప్పు అంచుల నుంచి కాపాడడానికైనా ఒళ్లంతా కప్పే సూటు ఉండాలి.

ఏ పొర ఏం చేస్తుంది

ఒంటికి తగిలే మొదటి పొర లైక్రా రాష్‌గార్డు. ఇది వెచ్చదనం ఇవ్వదు. సూటు సులువుగా జారడానికి, చంకల్లో, మెడ మీద ఒరుసుకోకుండా ఉండడానికి మాత్రమే. అద్దె సూటు వేసుకునేవారికి శుభ్రత కోసం కూడా. దీని బదులు కాటన్ బనియన్ వేసుకోవడం మన దగ్గర బాగా కనిపిస్తుంది. కాటన్ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, ముడతలు పడుతుంది. ఆ ముడత మెడ దగ్గరో మణికట్టు దగ్గరో సూటు అంచు కింద చిక్కుకుంటే నీళ్లకు కాలువ తవ్వి ఇచ్చినట్టే.

హుడెడ్ వెస్టు అంటే తలకు కప్పు ఉన్న చేతుల్లేని బనియన్ లాంటిది, 2 లేదా 3 మి.మీ. మందం. మన సముద్రానికి ఒకే ఒక్క పొర అదనంగా కొనగలిగితే ఇదే కొనండి. తలకు, మెడకు చలి ఆపుతుంది, మొండెం మీద మందం రెట్టింపు చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా వెట్‌సూట్‌లో నీళ్లు ఎక్కువగా దూరే చోటును, అంటే మెడ వెనుక భాగాన్ని మూసేస్తుంది. విడిగా దొరికే హుడ్ చవక. కానీ దాని అంచు కాలర్ లోపల సరిగ్గా పరుచుకోకపోతే ఆ మూత పడదు.

ఫుల్ సూటు మీద శార్టీ వేసుకోవడం ఇంకో పద్ధతి. 3 మి.మీ. సూటు మీద 3 మి.మీ. శార్టీ వేస్తే మొండెం మీద 6 అవుతుంది, మోచేతులు మోకాళ్లు మాత్రం స్వేచ్ఛగా ఉంటాయి. శార్టీ ఒక సైజు పెద్దది ఉండాలి. రెండింటికీ వెనకే జిప్పులుంటే ఒకదాని మీద ఒకటి పడి వెన్నెముక మీద ట్యాంకు ఒత్తినప్పుడు నొప్పి పుడుతుంది. సూటుకు వెనుక జిప్పు ఉంటే శార్టీకి ముందు జిప్పు ఉన్నది చూసుకోండి. రెండు ఫుల్ సూట్లు ఒకదాని మీద ఒకటి మాత్రం వద్దు. భుజాలు లేవవు, ఛాతీ విప్పారదు, వెనుక ఉన్న సిలిండర్ వాల్వ్ చేతికి అందదు.

బూట్లు 3 లేదా 5 మి.మీ., అడుగు గట్టిగా ఉన్నవి. మన తీరంలో పడవ దాకా ఇసుకలో నడిచి, కెరటాల్లో నిలబడి ఎక్కాలి గనక ఇవి చలి కోసమే కాదు. గ్లోవ్స్ 2 లేదా 3 మి.మీ. చాలు. మునిగిన ఓడల దగ్గర పాత వలలు చుట్టుకుని ఉంటాయి. ఆ గ్లోవ్స్ వేసుకునే ఒడ్డున ఒకసారి వెయిట్ బెల్టు బకిల్ విప్పండి, బీసీడీ (తేలడానికి గాలి నింపుకుని, దిగడానికి వదిలే జాకెట్) బటన్లు నొక్కండి, వల కోసే కటర్ తీసి మళ్లీ పెట్టండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేతకాకపోయినా ఆ గ్లోవ్స్ మీకు మందం ఎక్కువ.

సైజు చూసే తీరు

కొలత పట్టికలు నమ్మదగ్గవే కానీ ఒక్కో తయారీదారుది ఒక్కో కొలత. ఒంటి మీద వేసి చూడాలి. పొడి సూటు వేసుకున్నాక నాలుగు చోట్లు చూడండి. వెన్ను మధ్యలో, నడుము పైన ఉండే గుంట దగ్గర మరొకరి చేత సూటును వేళ్లతో పట్టి లాగించండి. గుప్పెడు గుడ్డ వస్తే అక్కడ నీటి చెరువు ఉంటుంది. చంకల్లో ఖాళీ సంచి ఉండకూడదు. గజ్జల దగ్గర కిందికి వేలాడకూడదు, వేలాడితే ప్రతి ఫిన్ తన్నుకీ అది పంపులా పనిచేస్తుంది. నాలుగోది మెడ. కాలర్ లోపల ఒక వేలు ఇబ్బంది లేకుండా దూరాలి, రెండు వేళ్లు తేలిగ్గా దూరితే వదులు.

అద్దెకు తీసుకునే సూటును ఇంకో రకంగా పరీక్షించాలి. మోకాళ్ల దగ్గర, పిరుదుల దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. మంచి నియోప్రీన్ వెంటనే పైకి లేస్తుంది. నొక్కిన గుంట అలాగే ఉండిపోతే లోపల బుడగలు చితికిపోయినట్టు. చూడ్డానికి 5 మి.మీ. అని రాసి ఉన్నా అది 3 కింద లెక్క. తర్వాత లోపలి వైపు తిప్పి కుట్లను ఎండకు అడ్డంగా పట్టండి. చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే ఆ కుట్టు సూదిరంధ్రాల్లోంచి నీళ్లు వస్తాయి. ఫ్లాట్‌లాక్ అనే కుట్టులో సూది రబ్బరును పూర్తిగా దాటుతుంది గనక ఇది సహజం, వేసవి పై నీళ్లకు పర్వాలేదు. 5 మి.మీ. సూటు కొంటుంటే మాత్రం ముందు అతికించి, సూది సగం మందంలోనే తిరిగేలా కుట్టినది అడగండి.

తొడుక్కునే వరుస

ముందు ఒంటి మీదున్నవి తీయండి. గాజులు, కడియం, పట్టీలు, మెట్టెలు, ఉంగరాలు, చెవి జూకాలు. మణికట్టు కింద ఒక్క సన్నని గాజున్నా అంచు లేచిపోతుంది. వెండి మొలతాడు తీయాలి, వెయిట్ బెల్టు కింద అది చర్మంలోకి దిగుతుంది. నూలు మొలతాడు ఉంచుకున్నా నష్టం లేదు. జుట్టు పొడవుగా ఉన్నవారు కింద అల్లిన జడను వెస్టు లోపలికి, వీపు మీదికి వదలండి. ముడి వేస్తే హుడ్ వెనుక లేచి నిలబడుతుంది. గోళ్లు కత్తిరించుకోండి, నియోప్రీన్‌కు పడే అర్ధచంద్రాకారపు కోతల్లో ఎక్కువ భాగం సొంత గోళ్ల పనే.

రాష్‌గార్డు, దాని మీద హుడెడ్ వెస్టు. హుడ్ ఇప్పుడే తలకు వేయకండి, వెనక్కి వదిలేయండి. వెస్టు అంచును కింది దాకా లాగి నున్నగా పరచండి.

పాదానికి పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగు తొడిగి కాలు దూర్చండి, జర్రున జారిపోతుంది. ఆ బ్యాగును అదే క్షణంలో జేబులోనో సంచిలోనో పెట్టండి. ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, నీళ్లలో తేలే ప్లాస్టిక్‌ను అవి జెల్లీ చేప అనుకుంటాయి. బ్యాగు వద్దనుకుంటే ఒక లీటరు సీసాలో మూడు వంతులు నీళ్లు, నాలుగైదు చెంచాల బేబీ షాంపూ కలిపి సూటు కాళ్లలో చేతుల్లో చల్లండి. కొబ్బరి నూనె, వేజలీన్ వంటివి వాడొద్దు. జిడ్డు వదలదు, వాసన పట్టేస్తుంది, పెట్రోలియం జిడ్డు అతుకుల జిగురునూ రబ్బరునూ పాడుచేస్తుంది.

కాళ్లు పైకి లాగేటప్పుడు వేలి కొసలతో కాదు, వేళ్ల మెత్తని భాగంతో చిన్న చిన్న ముడతలు పట్టి ఎక్కించాలి. మడమ నుంచి మోకాలికి, మోకాలి నుంచి తొడకు. గజ్జల్లో సూటు పూర్తిగా కూర్చునేదాకా నడుము పైకి పోవద్దు. కొత్తవాళ్లు చేసే తప్పు ఇక్కడే ఉంది. కింద రెండంగుళాలు తక్కువ లాగి, ఆ కొరతను భుజాల దగ్గర తీర్చుకోవాలని చూస్తారు. అప్పుడు భుజాలు కిందికి లాగుతాయి, కాలర్ గొంతును పట్టేస్తుంది, సూటు చిన్నదైందని అనుకుంటారు.

చేతులు దూర్చాక మోచేయి, చంక వరుసగా సర్దండి. జిప్పు వేసేవారికి వీపు తిప్పి భుజాలు వెనక్కి విరిచి నిలబడితే జిప్పు మీద ఒత్తిడి తగ్గుతుంది. జిప్పు కింద ఉండే నియోప్రీన్ పట్టీ మడత పడకుండా పరుచుకుందో లేదో ఆ మనిషినే చూడమనండి. వెస్టు మెడ భాగం సూటు కాలర్ లోపల ఉండాలి, బయటికి పొంగి రాకూడదు. సూటు కాలి అంచును బూటు పై అంచు మీదికి దించండి. బూటు బయట ఉంటే ఇసుక, నీళ్లు గిన్నెలో పోసినట్టు చేరతాయి. గ్లోవ్స్ అన్నిటికంటే చివర, సిలిండర్ తగిలించుకున్నాక.

హుడ్ ఎప్పుడు వేసుకోవాలన్నది చాలామంది ఆలోచించరు. నీళ్లలోకి దిగే ముందు, మాస్క్ కంటే ముందు. ముఖం చుట్టూ హుడ్ అంచు మాస్క్ రబ్బరు కిందికి పోకూడదు, పోతే డైవ్ అంతా మాస్క్‌లో నీళ్లే. ఇంకో విషయం, చెవులు. హుడ్ చెవిని గట్టిగా మూసేస్తే చెవి రంధ్రంలో గాలి చిక్కుకుపోతుంది. దిగుతున్నకొద్దీ ముక్కు పట్టుకుని ఎంత ఊదినా ఆ నొప్పి పోదు, ఎందుకంటే అది కర్ణభేరికి బయటి వైపున ఉంది. పైన ఉన్నప్పుడే హుడ్‌ను రెండు చెవుల దగ్గరా వేలితో లాగి నీళ్లు పోనివ్వండి. ఒక చెవిలోకే చల్లని నీరు ఒక్కసారిగా పోతే కాసేపు కళ్లు తిరుగుతాయి. గాభరా పడకుండా తాడు పట్టుకుని ఆగితే నీరు వెచ్చబడ్డాక తగ్గుతుంది.

మెడ గురించి ఒక హెచ్చరిక. మెడకు రెండు పక్కలా ఉన్న పెద్ద రక్తనాళాల దగ్గర రక్తపోటును గమనించే భాగం ఉంది. కాలర్, వెస్టు, హుడ్ మూడూ కలిసి అక్కడ నొక్కితే గుండె వేగం తగ్గి తల తేలిపోయినట్టు అవుతుంది. ఒడ్డున సూటు వేసుకుని పది నిమిషాలు నిలబడినప్పుడు తల దిమ్ముగా ఉన్నా, ఊపిరి పూర్తిగా అందకపోయినా అది వేడి వల్ల అని సరిపెట్టుకోకండి. విప్పి, ఒక పొర తగ్గించి మళ్లీ చూడండి. నీళ్లలో మొదలైతే డైవ్ ఆపేసి పైకి రావాలి.

పొర పెరిగితే సీసం మారుతుంది

బుడగల రబ్బరు తేలుతుంది. 3 మి.మీ. ఫుల్ సూటు మనిషి సైజును బట్టి రెండు కిలోల చుట్టుపక్కల, 5 మి.మీ. నాలుగు కిలోల చుట్టుపక్కల పైకి తేలుస్తుంది. హుడెడ్ వెస్టు అర కిలో నుంచి కిలో. ఇవి మొదటి అంచనాలు మాత్రమే, కొత్త సూటు ఇంకా ఎక్కువ తేలుతుంది. ఆ తేలికను ఆపడానికే నడుముకు సీసం బరువులు కట్టుకుంటాం గనక, పొర కలిపిన ప్రతిసారీ వెయిట్ పరీక్ష మళ్లీ చేయాలి.

పరీక్ష ఇలా. సామగ్రి అంతా వేసుకుని మెడ లోతు కంటే ఎక్కువ నీళ్లలో నిటారుగా, కాళ్లు ఆడించకుండా ఉండండి. మామూలుగా పీల్చిన ఊపిరిని కాసేపు అట్టేపెట్టి బీసీడీలో గాలి పూర్తిగా వదిలేయండి. నీటి మట్టం కళ్ల దగ్గర నిలవాలి. ఊపిరి వదలగానే మెల్లగా మునగాలి. సిలిండర్‌లో 50 బార్ (గాలి ఒత్తిడి కొలత) మిగిలి ఉన్నప్పుడు చేస్తే ఈ లెక్క సరిగ్గా వస్తుంది. నిండు సిలిండర్‌తో చేస్తే వాడబోయే గాలి బరువు కలుపుకోవాలి. మన దగ్గర ఎక్కువగా దొరికే అల్యూమినియం సిలిండర్ 11 లీటర్లది. 200 నుంచి 50 బార్ దాకా వాడితే దాదాపు 1,650 లీటర్ల గాలి, లీటరుకు 1.2 గ్రాముల చొప్పున రమారమి 2 కిలోలు. ఆ రెండు కిలోలు కలుపుకోకపోతే డైవ్ చివర సేఫ్టీ స్టాప్‌లో నిలవలేక పైకి తేలిపోతారు.

నది కలిసే చోట ఈ పరీక్ష చేసేవారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, విజయనగరం వైపు కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. వానల తర్వాత అక్కడి నీటిలో ఉప్పు తక్కువ. సామగ్రితో కలిపి వంద కిలోలుండే డైవర్‌కు మంచినీటికీ సముద్రపు నీటికీ మధ్య తేడా రెండున్నర కిలోల దాకా ఉంటుంది. ముఖద్వారంలో సరిపోయిన సీసం బయట ఉప్పునీటిలో చాలకపోవచ్చు.

లోతుకు పోయినకొద్దీ ఇంకో మార్పు. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి రెట్టింపవుతుంది, బుడగలు దాదాపు సగానికి కుంచించుకుపోతాయి. 20 దగ్గర మూడో వంతు, 30 దగ్గర నాలుగో వంతు. సూటు తేలికదనంతో పాటు వెచ్చదనమూ అదే దారిన పోతుంది. అంటే చలి ఎక్కువ ఉన్న చోటే సూటు పల్చబడుతుంది. అందుకే లోతు డైవ్‌లకు పైన ఉన్నప్పుడు కాస్త ఎక్కువ అనిపించే పొరే సరైన పొర. దిగేటప్పుడు బీసీడీలో కొద్దికొద్దిగా గాలి కలపాలి, పైకి వచ్చేటప్పుడు ముందుగానే వదలాలి. మందపు సూటు వేసుకున్నవారు చివరి పది మీటర్లలో అదుపు తప్పడానికి ఇదే కారణం: అక్కడ సూటు తన తేలికదనాన్ని వేగంగా తిరిగి తెచ్చుకుంటుంది.

ఒడ్డున ఎండ, పడవలో గాలి

ఈ తీరంలో చలి కంటే ముందు వచ్చే ప్రమాదం ఉడుకు. పడవను ఇసుక మీద నుంచి కెరటాల్లోకి నెట్టాలి, అనువైన కెరటం కోసం ఆగాలి, ఆ ఆలస్యంలో ఏప్రిల్ ఎండలో 5 మి.మీ. సూటు బిగించి నిలబడితే వడదెబ్బకు ఎదురెళ్లినట్టే. సూటును నడుము దాకా మాత్రమే వేసుకోండి. చేతులు నడుముకు కట్టుకుని, తల మీద తడి తువ్వాలు వేసుకోండి. డైవ్ చోటు చేరాక, దిగడానికి పది నిమిషాల ముందు మిగతా భాగం ఎక్కించుకోవచ్చు. చెమట పట్టి నీళ్లు తగ్గిన ఒంటికి నీళ్లలో చలి కూడా త్వరగానే పడుతుంది.

రెండు డైవ్‌ల మధ్య గంట ఎలా గడుపుతారన్నది మూడో పొరతో సమానం. తడి సూటు మీద గాలి తగిలితే ఆవిరయ్యే నీరు ఒంటి వేడిని లాక్కుపోతుంది, కొత్త కుండలో నీళ్లు చల్లబడ్డట్టు. పైన బట్ట ఉన్న నియోప్రీన్ ఎక్కువ నీళ్లు పట్టి ఉంచుతుంది గనక ఇంకా ఎక్కువ. డైవ్ అవగానే సూటు నడుము దాకా దించి, తల, ఛాతీ తుడుచుకుని గాలి చొరని రెయిన్ కోటు వేసుకోండి. షాపులో దొరికే మామూలు ప్లాస్టిక్ రెయిన్ కోటు కూడా ఈ పనికి చాలు. తలకు ఉన్ని మంకీ క్యాప్ ఉంటే ఇంకా మంచిది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోనివ్వండి.

ఫ్లాస్కులో అల్లం టీ, గుప్పెడు పలాస జీడిపప్పు, రెండు నువ్వుల ఉండలు. నీళ్లు గుక్కగుక్కగా తాగండి. నీళ్లలో మునిగి ఉండడం, చలి, రెండూ మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి, ఆ నష్టం పూడ్చుకోవాలి. సూటులోనే కానిచ్చేసేవారు ఎక్కువే, దాని వల్ల వచ్చే వెచ్చదనం రెండు నిమిషాలే, వాసన మాత్రం వారం. మందు చుక్క వేస్తే వెచ్చగా ఉంటుందన్న మాట డైవింగ్ పడవలో వినకూడదు. అది చర్మంలోని రక్తనాళాలను తెరిచి ఒంటి వేడిని బయటికి పంపుతుంది.

రెండో డైవ్‌కు ఒక పొర కలిపే దిగండి, మొదటి డైవ్‌లో చలి వేయకపోయినా సరే. అందుకే వెస్టును మొదటి డైవ్‌కు వేసుకోకుండా పొడిగా సంచిలో ఉంచడం మా వాడుక.

నీళ్లలో ఉండగా

ఆగకుండా వణుకు పుడితే డైవ్ అయిపోయినట్టే. వణుకును ఓర్చుకుంటే ఒళ్లు అలవాటు పడుతుందనుకోవడం పొరపాటు. వణుకు మొదలయ్యాక గాలి ఖర్చు పెరుగుతుంది, ఆలోచన మందగిస్తుంది, బకిల్ పట్టని వేళ్లతో పక్కవారికి సాయం చేయలేరు. గాలి సగం ఉన్నా సరే, బొటనవేలు పైకి చూపి (పైకి పోదామన్న సైగ) సేఫ్టీ స్టాప్ చేసి వచ్చేయండి. వణుకుతున్న మనిషికి అకస్మాత్తుగా వణుకు ఆగి మాట తడబడితే అది మెరుగైనట్టు కాదు. ఒంటి లోపలి వేడి 32 డిగ్రీల దగ్గరికో ఆ కిందికో జారిందని అర్థం. తడి బట్టలు తీసి, పొడి దుప్పటి చుట్టి, పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

చలి, డీకంప్రెషన్ జబ్బు (పైకి వచ్చేటప్పుడు ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలు కట్టడం) ఒకదానితో ఒకటి ముడిపడినవే. అడుగున వెచ్చగా ఉన్నప్పుడు కండరాల్లోకి రక్తం బాగా పారి నైట్రోజన్ ఎక్కువ చేరుతుంది. పైకి వచ్చే వేళ చలికి ఆ రక్తనాళాలు ముడుచుకుపోతే చేరిన నైట్రోజన్ త్వరగా బయటపడదు. డైవ్ కంప్యూటర్లలో చాలా వాటికి మీరు వణుకుతున్నారని తెలియదు. చలి డైవ్ చేస్తే సమయాన్ని ఒక మెట్టు తగ్గించుకోండి, సేఫ్టీ స్టాప్ మూడు నిమిషాలకు బదులు ఐదు చేయండి. ఒడ్డుకు రాగానే కాగే నీళ్లతో స్నానం చేయకండి. చర్మం ఒక్కసారిగా వేడెక్కితే అందులో కరిగి ఉన్న వాయువు బుడగలు కట్టే అవకాశం పెరుగుతుంది. ముందు పొడి బట్టలు, టీ. వేడి స్నానం కాస్త ఆగి.

ఇంటికి తెచ్చాక

మంచినీళ్ల తొట్టిలో పావుగంట నానబెట్టి, లోపలి వైపు తిప్పి మళ్లీ కడగండి. వాసన ఉంటే చెంచాడు షాంపూ చాలు, బట్టల సోడా, బ్లీచింగ్ వద్దు. దండెం మీద సగానికి మడిచి వేస్తే మడత దగ్గర రబ్బరు పగులుతుంది. చొక్కా హ్యాంగరు భుజాలను సాగదీస్తుంది. వెడల్పాటి హ్యాంగరు మీద నడుము దగ్గర మడిచి, నీడలో, ముందు లోపలి వైపు బయటికి ఉండేలా వేలాడదీయండి. మన ఎండలో ఆరేస్తే రబ్బరు గట్టిపడి రెండు మూడేళ్లకే బిర్రబిగుస్తుంది.

గోటి కోత పడితే అది పూర్తిగా ఆరాక రెండు అంచులకూ నియోప్రీన్ సిమెంట్ పల్చగా పూసి పది నిమిషాలు ఆగండి, మళ్లీ ఒక పూత వేసి, చేతికి అంటుకోనంతగా ఆరాక రెండంచులను నొక్కి పట్టండి. తడిగా ఉండగానే అతికిస్తే మొదటి డైవ్‌లోనే విడిపోతుంది. జిప్పు పళ్ల మీద కొవ్వొత్తి ముక్కను రెండుసార్లు రుద్దండి. సంచిలో పెట్టే ముందు చంకల్లో, గజ్జల్లో చెయ్యి పెట్టి చూడండి, చివరగా ఆరే చోట్లు అవే. అక్కడ కాస్త చెమ్మ తగిలినా ఇంకో పూట వేలాడనివ్వండి. మన తీరపు తేమలో ఆ చెమ్మకు రెండు రోజుల్లో నల్ల బూజు పడుతుంది.